ఒక కొమ్మ ఎక్కువైన ముగ్గు

గ్రేసక్క ఫోన్ చేస్తే ముందు నా మోకాళ్ళ గురించి అడుగుతుంది, తర్వాత తన మోకాళ్ళ గురించి చెబుతుంది, ఆ తర్వాతే అసలు విషయానికి వస్తుంది. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక చేసిన ఫోన్‌లో మాత్రం మోకాళ్ళ ఊసే లేదు. "తమ్మీ, జర ఒకపారి వచ్చిపో. మా రూత్ రెండు దినాలసంది అన్నం సరిగ్గ తింటలేదు. బొమ్మలు ముందలవెట్టుకొని ఏడుస్తుంది. నువ్వు పేపర్ల పనిజేసినోనివి, ఏమన్న జెప్పు" అంది. రూత్ ఆమె మనవరాలు, మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం. పేపర్లో పనిచేసి రిటైరైనవాడు మెడికల్ కాలేజీ పిల్లకు ఏం చెబుతాడో నాకు తోచలేదు. కానీ మా నాచారంలో పాతవాళ్ళకు ఒక నమ్మకం ఉంది. పేపర్లో పనిచేసినవాడికి పాము కాటు నుంచి పాస్‌పోర్టు దాకా అన్నీ తెలుసని. ఆ నమ్మకాన్ని నలభై ఏళ్ళుగా నేనూ చెడగొట్టలేదు. చొక్కా మార్చుకుని ఉప్పల్ నుంచి ఆటో ఎక్కాను.

ఒకప్పుడు మా ఇల్లూ గ్రేసక్క ఇల్లూ ఒకే గోడకు రెండు పక్కల ఉండేవి. ఇప్పుడు ఆ రెండిళ్ళూ, వాటి వెనక చింతచెట్టూ కలిసి అయిదంతస్తుల అపార్ట్‌మెంటు అయ్యాయి. గ్రేసక్క మూడో అంతస్తులో, సరిగ్గా మా పాత వంటింటి మీద గాల్లో ఉంటుంది. నేను లిఫ్టు దిగేసరికి గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపల రూత్ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. ముందు ఒక టాబ్లెట్, దానికి ఆనించి ఫోను, నాలుగు రంగుల పెన్నులు, మీగడ కట్టిన పాల గ్లాసు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏందమ్మా సంగతి?" అన్నాను.

"ఏం లేదు తాతా. మంగళవారం అప్పర్ లింబ్ పరీక్ష. అంటే ఈ చెయ్యి మొత్తం" అని భుజం నుంచి వేళ్ళ దాకా చూపించింది. "దాంతో పాటు ఫిజియాలజీ రికార్డు, బయోకెమిస్ట్రీ సెమినారు. ఒకదాంట్ల తల పెడితే రెండోది కాలు గుంజుతది. సీనియర్ల నోట్సు ఒకటి జెప్తది, మేడమ్ ఒకటి జెప్తది, వీడియోల ఇంకొకటి. ఈ బొమ్మ ముప్పై సార్లు సూసిన. కండ్లు మూసుకుంటే మొత్తం తెల్లకాగితమే."

టాబ్లెట్ నా వైపు తిప్పింది. కళ్ళజోడు సర్దుకుని చూశాను. ఎడమ పక్క నుంచి అయిదు గీతలు బయల్దేరి, కలిసి మూడై, చీలి ఆరై, మళ్ళీ అల్లుకుని మూడై, చివరకు అయిదు కొమ్మలుగా విడిపోతున్నాయి. ఒక్కో గీతకు ఒక్కో రంగు. మెడ నుంచి చేతిలోకి దిగే నరాల అల్లిక. దాన్ని బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు.

"ఇది మా వాకిలి కదా!" అన్నాను.

నాయనమ్మా మనవరాళ్ళిద్దరూ నన్నొక రకంగా చూశారు. తర్వాత గ్రేసక్క తల మీద చెయ్యి పెట్టుకుని పెద్దగా నవ్వడం మొదలుపెట్టింది. ఆమెకు గుర్తొచ్చింది.

ఆ వాకిలి గురించి చెప్పాలంటే ముందు మా నాయనమ్మ మల్లమ్మ గురించి చెప్పాలి. ఆమెకు దేవుడి కంటే వాకిలి ముఖ్యం. దేవుడు ఒకరోజు పూజ లేకపోయినా సర్దుకుంటాడుగానీ, ముగ్గు లేని వాకిలి చూస్తే లక్ష్మి పక్కింటికి పోతుందని ఆమె లెక్క. పక్కిల్లు గ్రేసక్కది కాబట్టి అక్కడికి పోయినా ఫరవాలేదు కదా అని నేనంటే చీపురుకట్ట చూపించేది. పొద్దున ఫ్యాక్టరీల మొదటి సైరన్ మోగకముందే వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గు వేసి ఉండాలి. నాచారంలో మాకున్న కొద్దిపాటి చెలక భూమి ఫ్యాక్టరీల కిందికి పోయింది. ఆ ఫ్యాక్టరీల్లోనే ఒకదాంట్లో మా నాయన ఫిట్టరు. గాలి అటు తిరిగితే బిస్కెట్లు కాల్చే వాసన, ఇటు తిరిగితే ముక్కు మండే మందుల వాసన వచ్చేది. నాయనమ్మ ఆ గాలిని బట్టే మిరపకాయలు ఎప్పుడు ఎండబెట్టాలో చెప్పేది. వయసులో ఉన్నన్నాళ్ళు ఉప్పల్ పక్క ద్రాక్షతోటల్లో పనిచేసింది. తీగ పందిరి మీదికి పాకించడం, కొమ్మ కత్తిరించడం ఆమె చేతిలో పని. ఇప్పుడక్కడ పందిళ్ళ బదులు మెట్రో పట్టాలు పాకుతున్నాయి. ముగ్గు వేయడంలోనూ ఆమె చెయ్యి తీగ పాకించినట్టే పాకేది. ఒక పక్క పువ్వు వేస్తే రెండో పక్క పువ్వు ఉండాల్సిందే. ఒకసారి మా అమ్మ తొందరలో ఎడమవైపు రెండు రెక్కలు తక్కువ వేస్తే, "ఒంటి పక్క ముగ్గు ఇంటికి మంచిది కాదు" అని ఆ రోజంతా మాట్లాడలేదు.

ఇంట్లో ముగ్గు వేసే పని ఆడపిల్లది. ఆడపిల్ల అంటే నా చెల్లెలు సరోజ. సర్కారు బడిలో తెలుగు మీడియం చదివి, ఇంటర్‌లో ఎవరూ అనుకోనన్ని మార్కులు తెచ్చుకుని, పట్నంలో మెడికల్ కాలేజీలో సీటు సంపాదించింది. మా గల్లీలో అది చిన్న విషయం కాదు. నాయన తోటి పనివాళ్ళకు మిఠాయి పంచాడు. నాయనమ్మ దిష్టి తీసింది. మర్నాడు పొద్దున మళ్ళీ మామూలే. "ఏయ్ పిల్లా, సైరన్ కూస్తది, ముగ్గేది?" సరోజ గునిస్తే నాయనమ్మ జవాబు సిద్ధంగా ఉండేది. "డాకట్రు సదివితే వాకిలి ఊడ్వద్దని ఆ బుక్కుల రాసిందా? ఏది, సదివి ఇనిపియ్యి."

మొదటి నెలలో సరోజ మా ఇంటికి తెచ్చింది చదువు కంటే ముందు వాసన. శవాలను కోసి చూసే హాల్లో వాడే మందు ఆమె కోటుకు, జడకు, చివరకు టిఫిన్ డబ్బాకు కూడా అంటుకుని వచ్చేది. నాయనమ్మ గుమ్మంలోనే ఆపేసేది. సందులోంచి పెరట్లోకి పోయి, బండ మీద తలస్నానం చేసి, కోటు జాడించి ఆరేశాకే లోపలికి. తడిజుట్టుతో కంచం ముందు కూర్చుని, కూర వంక చూసి, "నాకు వద్దమ్మా, పచ్చడేస్కుంట" అనేది. ఆదివారం మటన్ వండినా ముట్టేది కాదు. నాయనమ్మకు అదొక్కటే బెంగ. "అంత సదువు సదివి మాంసం తినుడు మర్సిపోయె" అని గల్లీలో చెప్పుకుని బాధపడేది.

చదువు సంగతికి వస్తే, పుస్తకం ఇటుక కంటే బరువు. అందులో ప్రతి వాక్యంలో సరోజకు తెలియని ఇంగ్లీషు మాటలు మూడుంటే, ఇంగ్లీషు వాళ్ళకే తెలియని మాటలు రెండుండేవి. క్లాసులో ఇంగ్లీషు మీడియం పిల్లలు తలాడిస్తుంటే ఈమె డిక్షనరీ తిప్పుకునేది. నాచారం నుంచి ఉప్పల్ చౌరస్తాకు వచ్చి బస్సు మారాలి. పోనూ రానూ మూడు గంటలు బస్సులోనే. కడ్డీ పట్టుకుని నిలబడే చదివేది. రోజూ చూసే కండక్టరు, "డాక్టరమ్మా, పేజీ తిప్పినంక జర ముందుకు జరుగు" అనేవాడట. ఇంటికొచ్చాక అప్పజెప్పించుకునే పని నాది. అప్పుడప్పుడే నేను ఒక దినపత్రికలో ప్రూఫ్ రీడర్‌గా చేరాను. డ్యూటీ మధ్యాహ్నం నుంచి కాబట్టి పొద్దున ఇంట్లోనే ఉండేవాణ్ణి. సరోజ గిన్నెలు తోముతూ చెబుతుంటే, నేను పుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చుని తప్పులు పట్టేవాణ్ణి. తప్పులు పట్టినందుకు ఆఫీసులో జీతం ఇచ్చేవాళ్ళు, ఇంట్లో సరోజ బూడిద చేతుల్తో నీళ్ళు చల్లేది.

ఇంత చేసినా మొదటి పరీక్ష పోయింది. ఆ రోజు సరోజ ఏడవలేదు. పెరట్లో బండ మీద కూర్చుని చాలాసేపు జుట్టు తుడుచుకుంది. "అన్నా, ఇంకోపారి పెడ్తరట. అది గూడ పోతే ఆరు నెలలు ఎనకబడ్డట్టే. మా బ్యాచు ముంగటికి పోతది, నేను ఎనక బ్యాచు తోని. నాతోని కాదే. ఈపారి పోతే సీటు వదిలేసి మామూలు డిగ్రీల చేర్త" అంది. బెదిరింపులా చెప్పలేదు. కూరగాయలకు పోతున్నానన్నంత మామూలుగా చెప్పింది. అందుకే నాకు భయం వేసింది.

అన్నిటికంటే ఆమెను ముంచింది ఈ నరాల బొమ్మే. మొదటి పరీక్షలో అదే వచ్చింది. కాగితం మీద ఎన్నిసార్లు వేసినా పొద్దునకు మర్చిపోయేది. ఒకరోజు తెల్లవారుజామున వాకిట్లో గిన్నెడు ముగ్గుపిండి పట్టుకుని నిలబడింది. చంకలో పుస్తకం. నాయనమ్మ లోపల్నుంచి కేకలు. "సైరన్ కూస్తది!" ముగ్గు వేయాలి, బొమ్మ చదవాలి, ఉన్నది పావుగంట. సరోజ పుస్తకం నేల మీద తెరిచిపెట్టి, దాని మీద చిన్న రాయి పెట్టి, పేడనీళ్ళు ఇంకా ఆరని వాకిట్లో ఎడమ నుంచి అయిదు గీతలు లాగింది.

నాయనమ్మ బయటికొచ్చి చూసి బుగ్గన వేలేసుకుంది. "ఇదేం ముగ్గే?"

"మనిషి చెయ్యి నాయనమ్మా. లోపటి నరాలు. ఇగో, ఇవి ఐదు వేర్లు. మెడ దగ్గర పుడ్తయి. ఇవి మూడు మొదళ్ళు. ఇవి ఆరు చీలికలు. ఇవి మూడు తాళ్ళు. ఇవి ఐదు కొమ్మలు, ఏళ్ళ దాకా పోతయి."

ఇంట్లో మిగతావాళ్ళెవరికీ అర్థం కాలేదుగానీ ద్రాక్షతోటలో పనిచేసిన మనిషికి వెంటనే అర్థమైంది. "తీగ" అంది నాయనమ్మ. వంగి, నడుం మీద చెయ్యి వేసుకుని, వేరు దగ్గర్నుంచి కొమ్మ దాకా వేలితో దారి పట్టింది. "ఇది యాడికి పోతది?" సరోజ ఆమె మోచెయ్యి పట్టుకుని వెనక పక్క చిన్న గాడిలో వేలితో నొక్కింది. నాయనమ్మ అదిరిపడింది. "అమ్మో! చిటికెనేలు దాకా ఝుమ్మన్నదే!" "ఆ కొమ్మనే ఇది" అంది సరోజ. ఆ రోజు పొద్దంతా నాయనమ్మ వచ్చిపోయే ఆడవాళ్ళందరి మోచేతులు నొక్కి ఝుమ్మనిపించింది.

అట్లా మొదలైంది. రోజూ పొద్దున అదే ముగ్గు. మొదటి వారం పుస్తకం చూసి, రెండో వారం సగం చూసి, తర్వాత చూడకుండా. పది నిమిషాల్లో పని, చదువు రెండూ అయిపోయేవి. గల్లీలో ఆడవాళ్ళకు ఆ ముగ్గు నచ్చింది. చుక్కలు లెక్కపెట్టే పని లేదు, చూడ్డానికి కొత్తగా ఉంది. ఎదురింటివాళ్ళు వేశారు, మూలింటివాళ్ళు కొమ్మల చివర్లకు పువ్వులు తగిలించారు. గ్రేసక్కకు ముగ్గు అలవాటు లేకపోయినా, వాళ్ళింట్లో ప్రార్థన పెట్టుకున్న రోజు రంగులతో వేసి పైన నక్షత్రం పెట్టింది. పాస్టరుగారు చెప్పులు విప్పుతూ బాగుందమ్మా అన్నారట. అట్లా కొన్నాళ్ళు నాచారంలో ఒక గల్లీ గల్లీ అంతా మనిషి భుజం విప్పి పరిచినట్టు ఉండేది. దాని మీద నుంచి పాలవాడి సైకిలు వెళ్ళేది.

రెండో పరీక్షకు పది రోజులుందనగా సరోజకు జ్వరం వచ్చింది. కాలేజీ మానలేదుగానీ పొద్దున్నే లేచి వంగే ఓపిక లేదు. "పండుకో బిడ్డా, నేనేస్త" అంది నాయనమ్మ. అది ఆమె చేసిన గొప్ప త్యాగం. బొమ్మ ఆమెకు కంఠతా వచ్చు. ఒక్క అక్షరం రాని మనిషి, అయిదు వేర్ల నుంచి అయిదు కొమ్మల దాకా చెయ్యి తడబడకుండా వేసింది. అయితే ఆ బొమ్మలో పైన ఉన్న మొదలు నుంచి ఒక చిన్న కొమ్మ పక్కకు పోతుంది, భుజం వెనక రెక్క వైపు. కింది మొదలుకు అట్లాంటి కొమ్మ లేదు. ఇన్నాళ్ళూ సరోజ వేస్తుంటే ఆ లోటు చూసి ఊరుకున్న నాయనమ్మ, ఇప్పుడు ముగ్గు తన చేతికి వచ్చేసరికి ఊరుకోలేకపోయింది. కింది మొదలుకు కూడా సరిగ్గా అంతే కొమ్మ ఒకటి లాగింది. ముగ్గు నిండింది. తృప్తిగా లోపలికి పోయింది.

పది రోజులు ఆ కొమ్మ మా వాకిట్లో ఉంది. దాని పక్క నుంచి నడిచి నేను పాల కోసం వెళ్ళాను, పేపరు తెచ్చుకున్నాను, ఆఫీసుకు పోయి ఒక కామా తప్పిపోయిందని కంపోజింగ్ వాళ్ళతో గొడవపడ్డాను. మా వాకిట్లో తప్పు నా కంటికి ఆనలేదు. సరోజ రోజూ బస్సుకు పరుగెత్తుతూ దాన్ని చూసింది. చూసి, తెలియకుండానే నేర్చుకుంది.

ఆ తర్వాత ఏం జరిగిందో సరోజ ఎన్నోసార్లు చెప్పింది. ప్రతిసారీ ప్రొఫెసరమ్మ గొంతు ఇంకాస్త గంభీరంగా మారుతూ వచ్చింది. రాత పరీక్ష బాగానే రాసింది. నోటి పరీక్షలో ప్రొఫెసరమ్మ సుద్దముక్క చేతికిచ్చి, బోర్డు మీద బ్రేకియల్ ప్లెక్సస్ వేయమంది. సరోజ వెనక్కి తిరిగి చూడకుండా, ఎక్కడా ఆగకుండా నిమిషంలో వేసేసింది. అంత వేగంగా ఆ క్లాసులో ఎవరూ వేయలేదట. ప్రొఫెసరమ్మ దగ్గరికొచ్చి కింది మొదలు నుంచి వచ్చిన కొమ్మ మీద వేలు పెట్టింది.

"ఇదేమిటి?"

సరోజ చూసింది. ఆ కొమ్మ పేరు ఆమెకు తెలియదు. తెలియదని కూడా అప్పుడే తెలిసింది. నిజం బయటికి వచ్చేసింది. "మా నాయనమ్మ వేసింది మేడమ్."

క్లాసు క్లాసంతా గొల్లుమంది. ప్రొఫెసరమ్మ నవ్వలేదు. "మీ నాయనమ్మ ఏ కాలేజీలో చదివారు?" అని అడిగింది. సరోజ ముగ్గు సంగతి మొత్తం చెప్పింది. అంతా విని ఆమె, "ఇంటికెళ్ళి మీ నాయనమ్మగారికి చెప్పు, కింది ట్రంక్‌కు, అంటే ఆ కింది మొదలుకు, కొమ్మలు లేవని. సోమవారం రా, మళ్ళీ వేద్దువుగాని. అప్పుడూ ఆ కొమ్మ కనిపిస్తే ఇక ఆరు నెలల తర్వాతే మన మాటలు" అంది.

శుక్రవారం సాయంత్రం సరోజ పెరటి స్నానం కూడా చేయకుండా నేరుగా ముందు గుమ్మంలోంచి లోపలికొచ్చింది. నాయనమ్మ బియ్యం ఏరుతోంది.

"నీ ముగ్గు నన్ను ముంచింది!"

"నా ముగ్గేం జేసిందే?"

"కింద కొమ్మ ఎవరెయ్యమన్నరు నిన్ను?"

"పైన ఉన్నది గద. కింద లేకపోతే ఎట్ల? ఒక్క పక్కకే ఉంటదా ఏడనన్న? మనిషిని దేవుడు రెండు దిక్కుల సమానంగ జేసిండు."

"చెయ్యలే! గుండె ఒక్క దిక్కే ఉంటది. కార్జం ఒక్క దిక్కే ఉంటది. నేను కోసి సూసిన, నీ దేవుడు ఏం సమానంగ జెయ్యలే!"

నాయనమ్మ చేటలో చెయ్యి అట్లాగే ఆగిపోయింది. అంత మాట ఆమెతో ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. శనివారం ఇద్దరికీ మాటల్లేవు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. సరోజకు ఇప్పుడు తప్పు తెలుసు, కానీ చేతికి తెలియదు. పాత ప్రూఫు కాగితాల వెనక వేయమని నేను కట్టలు తెచ్చిచ్చాను. నిదానంగా వేస్తే సరిగ్గా వచ్చేది. వేగంగా వేస్తే, కింది మొదలు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే పక్కకు పోయి కొమ్మ లాగేసేది. ఆదివారం మధ్యాహ్నానికి పెన్ను విసిరేసింది. "నేను రేపు పోను. అందరి ముంగట మళ్ళీ నవ్వులపాలు గాను" అంది. నాయన ఏదో అనబోతే అమ్మ చేత్తో ఆపింది. మూలన నాయనమ్మ కూర్చుంది. తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటూ ఉంది.

సోమవారం తెల్లవారుతుండగా చీపురు చప్పుడుకు నాకు మెలకువ వచ్చింది. బయటికొస్తే నాయనమ్మ వాకిలంతా ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గు మొదలుపెట్టి ఉంది. మామూలుగా వేసేదానికి రెండింతలు పెద్దది, గుమ్మం నుంచి గల్లీ దాకా. వేర్లు, మొదళ్ళు, చీలికలు, తాళ్ళు, కొమ్మలు. పై మొదలుకు కొమ్మ వేసింది. కింది మొదలు దగ్గరికి వచ్చి ఆగింది. చిటికెలో పిండి ఉంది. చెయ్యి గాల్లో ఉంది. అరవై ఏళ్ళ అలవాటు ఆ చేతిని పట్టుకుని కిందికి గుంజుతుండటం నాకు కనిపించింది. చివరకు పిండిని గిన్నెలో వేసేసి, నడుం నిటారుగా చేసి లేచింది.

"సరోజా! బయటికి రా!"

సరోజ కళ్ళు నులుముకుంటూ వచ్చింది.

"తోటల పనికిరాని కొమ్మను కత్తిరిస్తం సూడు, గట్ల కత్తిరించిన. ఇగో, ఇక్కడ ఏం లేదు. సూసినవా? రా, ఇక్కడ కాలువెట్టు."

"ముగ్గు తొక్కుతరా నాయనమ్మా?"

"ముగ్గు తొక్కమన్ననా? ముగ్గు లేని కాడ తొక్కమన్న. కాలువెట్టి నిలవడు. కింద మొదలు కాడికి రాంగనే నీ కాలుకు యాదికి రావాలె, ఇక్కడ మట్టి తప్ప ఏం లేదని."

సరోజ చల్లటి తడిమట్టి మీద కుడికాలు పెట్టింది. నాయనమ్మ ఆమె భుజాలు పట్టుకుని నొక్కి ఇంకా గట్టిగా నిలబెట్టింది. "పో ఇగ. బస్సు పోతది." బురద కాలితోనే చెప్పులు వేసుకుని సరోజ ఉప్పల్ చౌరస్తాకు పరుగెత్తింది.

నేను మొహం కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను. స్నానాల బండ వెనక, గోడ మూలన, ఎవరూ పోని చోట నేల కొంచెం తడిపి ఉంది. దాని మీద ముగ్గుపిండితో ఒక్కటంటే ఒక్క చిన్న కొమ్మ వేసి ఉంది. ముందు వాకిట్లో వేయని ఆ కొమ్మ. ఏ మొదలుకూ అంటుకోకుండా, దాని మానాన అది. ఇంటికి రెండు దిక్కులా సమానం చేసింది నాయనమ్మ, ప్రొఫెసరమ్మకు కనిపించకుండా. నేను చప్పుడు చేయకుండా మొహం కడుక్కుని లోపలికొచ్చాను.

సరోజ సాయంత్రం సందులోంచి పెరట్లోకి వచ్చి, బుద్ధిగా తలస్నానం చేసి, అప్పుడు లోపలికొచ్చింది. బోర్డు దగ్గర కింది మొదలు వేస్తుంటే తన కుడికాలు దానంతటదే లేచి నేల మీద గట్టిగా ఆనిందట. "కాలెందుకు కొడుతున్నావు?" అని ప్రొఫెసరమ్మ అడిగితే, "ఇక్కడ ఏం లేదని మేడమ్" అన్నదట. ఈసారి ప్రొఫెసరమ్మ నవ్వి, పాస్ చేసింది. ఇదంతా విన్న నాయనమ్మ, "కూరేమన్న తింటవా మరి?" అని మాత్రం అడిగింది. ఆ రోజు సరోజ రెండుసార్లు మటన్ వడ్డించుకుంది.

ఇదంతా రూత్‌కు చెప్పేసరికి పాలు పూర్తిగా చల్లారిపోయాయి. సరోజకు ఫోన్ కలిపి ఇచ్చాను. ఆమె ఇప్పుడు మేడిపల్లిలో ఉంటుంది, ఆపరేషన్లలో మత్తు ఇచ్చే డాక్టరు. చెయ్యి ఆపరేషనైతే మనిషిని మొత్తం పడుకోబెట్టకుండా, మెడ పక్క ఈ నరాల అల్లికలో సూది వేసి ఒక్క చేతినే నిద్రపుచ్చుతారు. "రోజుకు ఒకసారన్న మా నాయనమ్మ ముగ్గుల సూది వేస్త బిడ్డా" అంటోంది స్పీకర్లో. "అప్పుడు చేతితోని తడిమి అందాజగా వేసేటోళ్ళం. ఇప్పుడు స్కానింగుల ఎదురుంగనే కనపడ్తది. నీ టాబ్లెట్ల కన్న మంచిగ ఉంటది. ఏడ్వకు. నేను గూడ ఒకపారి ఫెయిలైన."

"ఒక్కపారేనా ఆంటీ?" అంది రూత్, ఆ రోజు మొదటిసారి నవ్వుతూ.

"ఒకటిన్నర."

అప్పుడే, నలభై ఏళ్ళుగా దాచిన పెరటి కొమ్మ సంగతి సరోజకు చెప్పాను. "ముసల్ది" అంది. "గదేనన్నా, నా కాలు ఒక్కటే పాస్ జేసిందనుకున్న ఇన్నేండ్లు."

రూత్‌కున్న సౌకర్యాల్లో పదోవంతు కూడా సరోజకు లేవు. ఈ పిల్ల పుస్తకం కదులుతుంది, మాట్లాడుతుంది, రంగులు మారుస్తుంది. కాలేజీ బస్సు గుమ్మం ముందే ఆగుతుంది. ఏడాదిన్నరలో సరోజ చదివింది ఈమె ఇంచుమించు ఏడాదిలో చదవాలి, అది నిజమే. కానీ టేబుల్ దగ్గర్నుంచి లేవాల్సిన అవసరమే ఆ పిల్లకు లేకపోవడం నాకు వింతగా తోచింది. గిన్నెలు మిషన్ తోముతుంది. గుమ్మం ముందు ముగ్గు కూడా స్టిక్కరే, అన్ని దిక్కులా సమానంగా అచ్చయిన తామరపువ్వు. చదువును ఆ పిల్ల కళ్ళతో తప్ప ఇంకెక్కడా పట్టుకోవడం లేదు.

"సుద్దముక్క ఉందా ఇంట్లో?" అన్నాను.

సుద్దముక్క కోసం గ్రేసక్క ఇల్లంతా వెతికి, ఎప్పటిదో కుట్టుమిషన్ సొరుగులో దర్జీలు గీతలు గీసే ముక్క ఒకటి తెచ్చింది. గుమ్మం బయట కారిడార్‌లో నల్లటి గచ్చు మీద రూత్ మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టింది. అయిదు వేర్లు. మూడు మొదళ్ళు. తప్పు. చున్నీ కొంగుతో తుడిచి మళ్ళీ. ఎదురు ఫ్లాట్ ఆయన తలుపు తీసి, మాకో దండం పెట్టి, గోడ వెంట నడుచుకుంటూ లిఫ్టు దగ్గరికి పోయాడు. నాలుగోసారికి పుస్తకం చూడకుండా వచ్చింది. పై మొదలుకు కొమ్మ వేసింది. కింది మొదలుకు ఏమీ వేయలేదు. లేచి, చెప్పు విప్పి, ఆ ఖాళీలో కుడికాలు పెట్టి నిలబడింది.

గ్రేసక్క తలుపుకు ఆనుకుని ఇదంతా చూస్తోంది. కాసేపు తల అటు వంచింది, ఇటు వంచింది. తర్వాత మోకాలు పట్టుకుని మెల్లగా వంగి, మనవరాలి పక్కన పడి ఉన్న సుద్దముక్క అందుకుంది.

"అంత బాగనే ఉన్నది గనీ బిడ్డా, కింద ఒక్క కొమ్మ తక్కువైనట్టు కొడ్తుంది. జర కాలు తియ్యి, నేనొకటి—"

నేను చేసింది ప్రూఫ్ రీడర్ ఉద్యోగం. మొదటిసారి పది రోజులు పట్టుకోలేని తప్పు ఇది. ఈసారి సుద్ద నేలకు తగలకముందే గ్రేసక్క చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, నీకు అంతగనం మనసొప్పకపోతే, వెనక బాల్కనీల ఏస్కో పో."

ఆమె నా వంక చూసింది, రూత్ కాలి వంక చూసింది. సుద్దముక్క పిడికిట్లో పెట్టుకుని, ఒక చెయ్యి గోడకు ఆనించి, నిజంగానే బాల్కనీ వైపు నడిచింది.